శాశ్వత నివాసము ఎంతవరకు శాశ్వతము?

శాశ్వతమను మాటను మనము ఇంతవరకు కీర్తికిని, పరమపదమునకును వాడుచు వచ్చితిమి. ఇప్పుడు దానిని అమెరికా వలస చట్టమును వాడుచున్నది. ఆ దేశమున స్థిరముగా ఉండి పనిచేసికొనుటకు అనుమతి పొందిన విదేశీయుని ఆ చట్టము శాశ్వత నివాసి అనును. అతని చేతికిచ్చు కార్డును లోకము గ్రీన్ కార్డు అనును. కార్డుపై సాధారణముగా 10 సంవత్సరముల గడువు ఉండును. గడువు తీరినను హోదా తీరదు. కార్డును మార్చుకొనవలెను, అంతే. కాని గడువు తీరకమునుపే, కార్డు పెట్టెలో భద్రముగా ఉండగనే, హోదా చేజారిపోవచ్చును. ఈ విచిత్రమును గూర్చి కొన్ని మాటలు చెప్పుట నా ఉద్దేశము.

తెలుగునాట ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులలో ఎందరికో కుమారుడో కుమార్తెయో అమెరికాలో ఉన్నారు. అచ్చటి పౌరసత్వము పొంది 21 ఏండ్లు నిండిన సంతానము తమ తల్లిదండ్రులకు ఈ కార్డు ఇప్పించవచ్చును. పెద్దవారు మనుమలను చూచుకొనుటకు పోదురు. ఇల్లు, పొలము, చుట్టములు, నమ్మిన వైద్యుడు ఇచ్చటనే ఉన్నందున మరల వత్తురు. వారి నోట తరచుగా వినవచ్చు సూత్రమొకటి కలదు: "ఆరు నెలలకోసారి వెళ్లి తాకి వస్తే చాలు." ఈ సూత్రము ఎవరు పుట్టించిరో గాని, చట్టములో మాత్రము లేదు.

చట్టములో ఉన్నది ఇది. 180 దినములకు మించి దేశము వెలుపల ఉన్న నివాసి తిరిగి వచ్చినప్పుడు క్రొత్తగా ప్రవేశము కోరువానివలె పరీక్షకు గురియగును. ఏడాది గాని అంతకు మించి గాని ఉన్నచో కార్డొక్కటే ప్రవేశపత్రముగా చెల్లదు. అయితే ఈ రెండు అంకెలును అసలు ప్రశ్నకు గుర్తులు మాత్రమే. అసలు ప్రశ్న వేరు: ఈ మనిషి తాత్కాలికముగా బయటికి పోయెనా, లేక కాపురమునే మార్చుకొనెనా? ఇల్లు ఎచ్చట ఉన్నది, కుటుంబము ఎచ్చట ఉన్నది, ఆదాయపు పన్ను నివాసిగా చెల్లించెనా, పోవునప్పుడు తిరిగి వచ్చుటకు ఒక నిర్ణీత కాలము మనస్సున ఉన్నదా అని అధికారి చూచును. ఏటేట పది నెలలు గుంటూరులోనో కరీంనగరులోనో ఉండి, నడుమ రెండుమార్లు ఒక్కొక్క నెల కొడుకు ఇంట గడపివచ్చు దంపతులు ఏనాడును 180 దినములు దాటరు. అయినను "మీ ఇల్లు ఏది?" అని అడిగినచో వారు నిజాయితీగా ఏమి చెప్పగలరు?

దీర్ఘకాలము బయట ఉండవలసినవారికి ఆ ప్రభుత్వమే ఒక త్రోవ చూపినది. దానిని రీఎంట్రీ పర్మిట్ అందురు. అమెరికా గడ్డపై ఉండగనే దరఖాస్తు చేయవలెను. ఇచ్చటికి వచ్చిన పిమ్మట గుర్తు తెచ్చుకొన్న లాభము లేదు. గరిష్ఠముగా రెండు సంవత్సరములు చెల్లును. పొడిగింపు లేదు, క్రొత్తది కోరవలసినదే. పౌరసత్వము ఆశించువారికి ఇది రక్ష కాదు. పౌరసత్వమునకు కావలసిన అవిచ్ఛిన్న నివాసము ఏడాది గైరుహాజరుతో తెగిపోవును, పర్మిట్ ఉన్నను తెగును. తన చేతిలో లేని కారణముచే ఏడాదికి మించి చిక్కుపడినవారు కాన్సులేటులో తిరిగివచ్చు నివాసి వీసా కోరవచ్చును. 2020 మార్చిలో మన దేశమునుండి అంతర్జాతీయ విమానములు నిలిచిపోయి, నియమిత సర్వీసులు 2022 మార్చి చివరి వారమున గాని మొదలుకాలేదు. నడుమ ప్రత్యేక విమానములు నడచినను, వృద్ధులకు ఆ కాలమున ప్రయాణమెంత భయంకరమో మనమెరుగుదుము. అట్టివారికి ఈ ద్వారము ఉన్నది. నిరూపించు భారము మాత్రము వారిదే.

తిరిగివచ్చు హక్కు ఎంత పెళుసైనదో తెలియుటకు విద్యార్థులు ఒక పాత వ్యాజ్యమును చదువవలెను. చే చాన్ పింగ్ అను చీనా కూలి 1875 నుండి శాన్ ఫ్రాన్సిస్కోలో నివసించెను. 1887లో స్వదేశము చూచివచ్చుటకు పోవుచు, చట్టప్రకారము తిరిగివచ్చుటకు అధికార పత్రమును పుచ్చుకొనెను. మరుసటి ఏడు సెప్టెంబరులో హాంకాంగులో ఓడ ఎక్కెను. ఓడ నడిసముద్రమున ఉండగా, 1888 అక్టోబరు 1న, అట్టి పత్రములన్నియు రద్దని క్రొత్త చట్టము వచ్చెను. వారము తిరిగిన పిమ్మట రేవు చేరినవానిని దిగనీయలేదు. సుప్రీంకోర్టు 1889లో ప్రభుత్వము పక్షముననే తీర్పు చెప్పినది. పండ్రెండేండ్ల శ్రమ ఒక వైపు, ఒక వారపు ఆలస్యము ఒక వైపు! ఆ కాలపు జాతిద్వేషము ఆ చట్టమునకు మూలమని వేరుగా చెప్పనక్కరలేదు.

కాలము మారినది. తిరిగివచ్చు శాశ్వత నివాసికి న్యాయమైన విచారణ పొందు హక్కు కలదని అదే న్యాయస్థానము 1982లో చెప్పినది. కాబట్టి విమానాశ్రయములోని అధికారి మాట తుదిమాట కాదు. హోదాను వదలుకొంటినని చెప్పు పత్రము, ఐ-407 అను సంఖ్య గలది, ఇష్టపూర్వకముగా సంతకము చేయవలసినది. ఇష్టము లేనివారు నిరాకరించి వలస న్యాయమూర్తి యెదుట విచారణ కోరవచ్చును. అచ్చట హోదా వదలుకొనిరని రుజువు చేయవలసినది ప్రభుత్వమే. ఇరువది గంటల ప్రయాణము చేసి, కండ్లు మూతలు పడుచుండగా, ఆంగ్లము అంతంతమాత్రము వచ్చిన ఒక తల్లి ముందు కాగితము పెట్టినప్పుడు ఈ సంగతి ఆమెకు తెలిసియుండుట ఎంత అవసరము! టిక్కెట్టు కొని పంపు బిడ్డలు దీనిని ముందుగా చెప్పుచున్నారా?

మనస్సులోని ఉద్దేశమును తూచు ఈ పద్ధతి నాకు నచ్చదు. కెనడా వారు దినములు లెక్కింతురు: 5 సంవత్సరములలో 730 దినములు దేశమున ఉన్నచో హోదా నిలుచును. వరుసగా ఉండనక్కరలేదు. లెక్క తప్పినవారు మానవతా కారణములు చెప్పుకొనుటకును అవకాశమున్నది. అంకె కఠినమైనదే కావచ్చును. కాని దానిని ఎవ్వరైనను ముందుగా లెక్కకట్టుకొనవచ్చును. ఉద్దేశమును లెక్కకట్టుట ఎట్లు? మనుమని మీద మమకారము ఒక ఖండమున, పెరటిలోని కొబ్బరిచెట్టు మీద మమకారము ఒక ఖండమున ఉన్న ముసలివానికి తన ఉద్దేశము తనకే తెలియదు.

ఆ మాట అటుంచి మనవారి తప్పును చెప్పవలెను. ఏటికి నాలుగు నెలలు బిడ్డలయొద్ద ఉండి రాదలచినవారికి సందర్శకుల వీసా చాలును. సాధారణముగా ఒక్కొక్క రాకకు ఆరు నెలల వరకు ఉండనిత్తురు. అయినను ఇరుగుపొరుగున గొప్పకై కార్డు తెప్పించుకొనువారిని చూచుచున్నాము. కార్డు ఉన్నంతకాలము ఇచ్చటి ఇంటి అద్దెయు, బ్యాంకు వడ్డీయు అమెరికా పన్నుల శాఖకు చూపవలెనని వారికి ఎవ్వరును చెప్పరు. అచ్చటి వృద్ధుల వైద్యబీమాను సొంత డబ్బుతో కొనుటకైనను, 65 నిండిన పిమ్మట 5 సంవత్సరముల ఎడతెగని నివాసము చూపవలెను. సగము కాలము ఇచ్చట గడపువారికి అదియు దుర్లభమే.

నిజముగా అచ్చట కాపురముండువారు కార్డు ఉంచుకొందురు గాక. తక్కినవారు విమానాశ్రయమున నిలదీయబడువరకు వేచియుండనక్కరలేదు. ఐ-407 పత్రమును ఇంట కూర్చుండి, బిడ్డలతో ఆలోచించుకొని, నిదానముగా పూరించి పంపవచ్చును. దానికి రుసుము లేదు. ఆ పిమ్మట సందర్శకుల వీసా కోరుటకు అది అడ్డు కాదు.