నంబరు అడగొద్దు, పని అడగండి

వడ్లమూడిలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు రాసిన ఇన్‌స్టాల్ స్క్రిప్టు మొదటి వరసలోనే లైనక్స్ కెర్నెల్ వెర్షన్ నంబరు అడుగుతోంది; నచ్చకపోతే అక్కడే ఆగిపోతుంది. పాత కెర్నెల్ మీదా కొత్తదాని మీదా ప్యాకేజీ నడవాలంటే ఇదే జాగ్రత్త అని వాడి నమ్మకం. నాకైతే ఇదే అసలు తెగులు. 2011లో లైనక్స్ 2.6 నుంచి 3.0కి మారినప్పుడు లోపల విప్లవమేమీ రాలేదు, మారింది నంబరే. అయినా ‘2.6’ కోసం వెతికే ప్రోగ్రాములు కొన్ని బోర్లాపడ్డాయి. వాటి కోసం నంబరు విషయంలో అబద్ధమాడే సదుపాయాన్ని కెర్నెల్‌లోనే పెట్టాల్సి వచ్చింది! పైగా రెడ్ హ్యాట్ వాళ్లు 3.10 అనే పాత పేరు కిందే కొత్త సౌకర్యాలెన్నో తెచ్చి కలిపారు. పెళ్లిచూపుల్లో చెప్పే వయసు లాంటిదే ఈ నంబరు. అందుకే పని అడిగి చూడమంటాను. ఉదాహరణకు, యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే గెట్‌రాండమ్ అనే సిస్టమ్ కాల్ కెర్నెల్ 3.17తో వచ్చింది. ముందు దాన్నే పిలవండి. అలాంటి కాల్ లేదంటూ కెర్నెల్ ఈనోసిస్ అనే ఎర్రర్ ఇస్తే యురాండమ్ ఫైలు చదువుకోండి. ఈ రెండో దారి అవసరం కొత్త ల్యాప్‌టాప్‌లో ఎప్పటికీ రాదు, అందులో తప్పున్నా బయటపడదు. కాబట్టి కాలేజీ ల్యాబు మూలనున్న పాత సిస్టమ్‌ని తుక్కుకి వేయకముందే వాడి ప్యాకేజీని దానిమీద ఓసారి నడిపించాలి.