వేయికి తక్కువైనచో వెలయే లేదా?

నేడు పాట వినవలెనన్న చేతిలోని ఫోను చాలును. స్పాటిఫై మొదలగు సంస్థలు కోట్లకొలది పాటలను ఇంటింటికి అందించుచున్నవి. వినువారికి సుఖము కలిగిన మాట నిజమే. కాని పాడినవారి ప్రతిఫలమేమగుచున్నదని మేము ప్రశ్నించుచున్నాము.

స్పాటిఫై 2024లో ఒక నిబంధనను అమలునకు తెచ్చినది. గడచిన 12 నెలలలో 1,000 మారులైనను వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ ఒక్క పైసయు ముట్టదు. 80 కుటుంబములు నెలకొకమారు చొప్పున ఏడాది పొడుగునను వినినను 960 మారులే. ఆ పాటకు సున్న! ఆ పైకమును సంస్థ తానుంచుకొనుట లేదు. ఎక్కువగా వినబడు పాటల వాటాలో కలుపుచున్నది. లేనివాని గింజలను ఉన్నవాని గాదెలో పోయుట ధర్మమగునా?

ఇట్టి పాటకు నెలకు సగటున వచ్చునది మూడు అమెరికా సెంట్లేయనియు, అంత స్వల్పమైన సొమ్ము బ్యాంకు రుసుములకే పోయి గాయకుని చేరదనియు సంస్థవారి సమాధానము. మేము వర్తకులము, లెక్కలు మాకును తెలియును. చిల్లర బాకీని నేడు చెల్లింప వీలుకానిచో ఆవర్జాలో నిలువ చూపి మరుసటి యేటికి తెత్తుము. రావలసినవాడు చిన్నవాడని పద్దును కొట్టివేయము. కొట్టివేసిన వర్తకుని అంగడి మెట్టు మరల ఎవరెక్కుదురు?

పంపక పద్ధతియు సరిగా లేదు. మనము చందా కట్టి నెలంతయు ఒక్క హరికథకునే వినినను ఆ సొమ్ము ఆయనకే చేరదు. అందరి చందాలను రాశిపోసి, మొత్తము వినికిడిలో ఎవరి పాలెంతయో ఆ మేరకు పంచెదరు. వినువాని సొమ్ము అతడు వినిన స్వతంత్ర కళాకారులకే చేరు పద్ధతిని సౌండ్‌క్లౌడ్ సంస్థ 2021లోనే ప్రవేశపెట్టినది. కనుక అసాధ్యమను మాట చెల్లదు.

క్రొత్త పాట శ్రోత చెవిని బడుటకును సుంకమున్నది. 2020లో స్పాటిఫై ప్రకటించిన 'డిస్కవరీ మోడ్' ప్రకారము, తన పాటను అధికముగా సూచింపవలెనన్నచో ఆ వినికిడులపై కళాకారుడు తక్కువ రాయల్టీకి ఒప్పుకొనవలెను. పేరులేనివానికి ఇది బేరమా, నిర్బంధమా?

మనకెందుకీ గొడవ యందురా? ఆంధ్రదేశమునకు వెలుపల తెలుగును నిలిపినవాటిలో పాట ముఖ్యమైనది. త్యాగరాజస్వామి కావేరీతీరమున తిరువయ్యారులో నివసించి తెలుగున కీర్తనలు రచించిరి. తంజావూరు జిల్లా మెలట్టూరులో భాగవత మేళమువారు నేటికిని తెలుగు నాటకములు ఆడుచున్నారు. వేయి యని గీత గీసినచో, ముందుగా దాని దిగువ పడునది మనవంటి చిన్న సమాజముల పాటయే.

కావున మన కర్తవ్యము స్పష్టము. ఉత్సవమునకు పిలిచిన గాయకునికి సంభావన చేతికిచ్చినట్లే, ఆయన రికార్డులను నేరుగా కొనవలెను. బ్యాండ్‌క్యాంప్ వంటి చోట పాట వెలలో సంస్థ సాధారణముగా 15 శాతము తీసికొనును. చెల్లింపు ఖర్చులు పోగా మిగిలినది కళాకారునిదే. మన వేదికలపై పాడినవారి రికార్డులు దొరకు తావులను సంఘములు సభ్యులకు తెలుపవలెను. వేయి నిబంధనను రద్దుచేయుమని చందాదారులందరును సంస్థకు వ్రాయవలెను. మొత్తము చిన్నదైనను బాకీ బాకీయే.