బంజరు అనకండి, అది వాటి ఇల్లు



మొన్న రంజాన్ ఈద్ సెలవులకి గల్ఫ్ నుంచి బాకూ వెళ్లాం. బాకూ అంటే మనవాళ్లకి ఎత్తయిన బిల్డింగులు, బజార్లు, సెల్ఫీలు. మేం ఒక రోజు మాత్రం అక్కడికి దక్షిణాన ఉన్న షిర్వాన్ నేషనల్ పార్క్‌కి బయల్దేరాం. కాస్పియన్ సముద్రం ఒడ్డున సుమారు 54 వేల హెక్టార్ల చదును నేల అది. ఉప్పు పేరుకున్న మట్టి, పొట్టి గడ్డి, మాచిపత్రి జాతి పొదలు, పైన ఆస్మాన్. అంతే.

"ఈ బంజరు కోసమా అబ్బా ఇంత సఫర్?" అన్నాడు మా పెద్దోడు. నిజం చెప్పాలంటే నా దిల్‌లోనూ అదే మాట.

అంతలో దూరంగా జైరాన్ల గుంపు కనబడింది. ఇసుక రంగు జింకలు. ఫోటో కోసం వాటి వెంట బండి పోనివ్వమని డ్రైవర్ భాయ్‌కి సైగ చేశాను. ఆయన బండి ఆపేశాడు. భాష కుదరక తన పొట్ట మీద చెయ్యి పెట్టి గుండ్రంగా చూపించాడు. మా బేగంకి వెంటనే అర్థమైంది. "కడుపుతో ఉన్నాయండీ. ఆ నెలల్లో నన్నెవరైనా అలా పరిగెత్తిస్తే మీరు ఊరుకునేవారా?" అంది. జైరాన్లు ఈనేది మే నెలలో. షరమ్‌తో ఫోన్ జేబులో పెట్టేశాను.

షికార్ వల్ల ఒకప్పుడు అజర్‌బైజాన్‌లో జైరాన్లు దాదాపు ఖతమ్ అయ్యాయి. 1969లో వాటి హిఫాజత్ కోసం ఇక్కడ రిజర్వు పెట్టారు, 2003లో నేషనల్ పార్క్ చేశారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. పక్కనున్న జార్జియాలో కూడా అజర్‌బైజాన్ జైరాన్లను తీసుకెళ్లి వదిలారు.

చలికాలంలో ఇక్కడికి చిన్న రకం బట్టమేక పిట్టలు గుంపులుగా వస్తాయి. ఆ పేరుతో మన రోళ్ళపాడు యాదికొచ్చింది. కర్నూలు ప్రాంతంలో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. చుట్టూ గడ్డి నేలలు సాగులోకి పోయాయి. ఆ పిట్ట అక్కడ దాదాపు కనుమరుగైంది.

నా రాయ్ ఒక్కటే. గడ్డి నేలని మనం బంజరు అంటాం, పనికిరానిది అంటాం. అలా పేరు పెట్టాక దాన్ని కాపాడాలని ఎవరికి అనిపిస్తుంది? అది ఖాళీ జమీన్ కాదు, బేజుబాన్ మఖ్లూఖ్ ఇల్లు. మన చేతిలో అమానత్. మెహమాన్‌గా వెళ్లినవాళ్లం ఇంటివాళ్లని తరమొచ్చా? పిల్లల్ని మాల్స్‌కే కాదు, ఇలాంటి చోట్లకీ తీసుకెళ్లండి. బండి దిగకముందే అదబ్ నేర్పండి.

ఇన్షా అల్లాహ్, ఈసారి ఊరికొచ్చినప్పుడు రోళ్ళపాడు వెళ్తాం. బట్టమేక కనబడకపోవచ్చు. కృష్ణజింకలున్నాయి. దూరం నుంచే చూసొస్తాం.