కుండ దగ్గర నిలబడ్డ ముసలమ్మ

మొన్న మా అమ్మాయి మంత్రగత్తె బొమ్మ గీసింది. వంకర ముక్కు, బోసినోరు, చేతిలో చీపురు. "ఎవరే ఇది?" అంటే, "వెనక గల్లీ అవ్వ" అని కిసుక్కున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కనకమామిడిలో మా ఇంటి వెనక ఒంటరిగా ఉంటుంది ఆ అవ్వ. భర్త పోయాడు, కొడుకులు పట్నంలో. గల్లీలో ఎవరి పిల్లలకు దగ్గొచ్చినా మిరియాల కషాయం కాచి ఇచ్చే మనిషి.

ఆ ముక్కూ చీపురూ మా పిల్లకి ఇంగ్లీషు కథల పుస్తకాలు నేర్పినవి. ఐరోపాలో అచ్చుయంత్రం వచ్చిన కొత్తలోనే ఇలాంటి బొమ్మలు మొదలయ్యాయి. 1489 ప్రాంతంలో ఉల్రిక్ మొలిటోర్ అనే న్యాయపండితుడు మంత్రగత్తెల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక చెక్క అచ్చు బొమ్మ ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు పొయ్యి మీది కుండలో కోడినీ పామునీ వేస్తుంటారు, పైన వడగళ్ళు కురుస్తుంటాయి. ఆ పామునొక్కటీ వేలితో మూసి చూడండి. ఇద్దరాడవాళ్ళు వంట చేసుకుంటున్నారు, అంతే!

తమాషా ఏమిటంటే, వడగళ్ళు కురిపించే శక్తి ఆడవాళ్ళకు లేదనీ, అదంతా సైతాను కల్పించే భ్రమేననీ ఆ రచయితే రాశాడు. అయినా వాళ్ళకు మరణశిక్షే తగునన్నాడు, అది వేరే సంగతి. చదువు రానివాళ్ళకి మాత్రం కనిపించింది బొమ్మే కదా. తర్వాత 1500 ప్రాంతంలో డ్యూరర్ అనే మహా చిత్రకారుడు మేక మీద వెనక్కి తిరిగి కూర్చున్న ముసలిదాన్ని చెక్కాడు. ఆమె చేతిలో ఏముందనుకున్నారు? నూలు వడికే కర్ర. కుండా, నూలుకర్రా, చీపురూ... అన్నీ మన ఇంటి సామాన్లే!

ఐరోపాలో 15 నుంచి 18వ శతాబ్దం దాకా మంత్రగత్తెలన్న నెపంతో 40 వేల నుంచి 60 వేల మందిని చంపారనీ, వారిలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళేననీ చరిత్రకారుల అంచనా.

అదంతా దొరల గోల, మనకెందుకు అంటారా? మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టారు, మంత్రం పలకకూడదని పళ్ళు పీకారు, తగలబెట్టారు. 1951 నాటి 'పాతాళభైరవి'లో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి చూసి చప్పట్లు కొడతాం. గల్లీలో ఒంటరి ముసలమ్మ ఎదురైతే మాత్రం పిల్లల్ని కొంగుచాటుకి లాక్కుంటాం.

ఇతరుల్ని అనడం దేనికి? నిరుడు మా పిల్లకి నాలుగు రోజులు జ్వరం తగ్గలేదు. "ఆ అవ్వ చూపు పడ్డట్టుంది" అంది పక్కింటావిడ. డిగ్రీ చదివిన నేను ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, ఆ అవ్వ పేరు తలుచుకునే పొయ్యిలో వేశాను. మర్నాడు రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. మందులతో తగ్గింది. మా పిల్ల మంచం మీంచి అంతా వింటూనే ఉంది. అంటే ముక్కు పుస్తకంలోది కావచ్చు గానీ, ఆ ముఖాన్ని దానికి చూపించింది నేనే!

ఆదివారం పిల్లని తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్ళాను. పొయ్యి మీద కుండలో ఏదో ఉడుకుతోంది. మా పిల్ల భయంభయంగా తొంగి చూసింది. పప్పుచారు!

జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోదాం. పిల్లల ముందు ఎవరి పేరూ గుసగుసలాడకుండా ఉందాం. ఆ మాత్రం మనం చేయలేమా?