పొలం పుస్తకం నుంచి మానవీయ శాస్త్రాల పత్రిక దాకా

పుత్తూరు పేరు వినగానే దక్షిణ భారతంలో చాలామందికి మొదట స్ఫురించేది ఎముకల కట్టు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో విరిగిన ఎముకను నిలిపే ఆ విద్య కుటుంబ పరంపరగా సాగివచ్చింది. ఈ కట్టు మీద ఇద్దరు పరిశోధకులు చెరొక వ్యాసం రాయదలచారనుకుందాం. మొదటివారు తమ వ్యాసాన్ని వైద్య పత్రికకు పంపుతారు. ఎంతమందికి కట్టారు, ఎన్ని రోజులకు ఎముక అతికింది, పోల్చి చూడటానికి మరొక రోగుల సమూహం ఉన్నదా అని అక్కడి సమీక్షకుడు అడుగుతాడు. రెండవవారు మానవీయ శాస్త్రాల పత్రికకు పంపుతారు. అక్కడి ప్రశ్నలు వేరు. ఈ విద్య ఒక తరం నుంచి మరొక తరానికి ఎలా అందింది? పొరుగు రాష్ట్రాల రోగి దీనిని ఎందుకు నమ్మాడు? ఆసుపత్రులు వచ్చాక ఆ నమ్మకం ఏ రూపం దాల్చింది? ఇంతకు ముందు ఈ విషయంపై రాసినవారితో మీరు ఎక్కడ విభేదిస్తున్నారు? కట్టు ఒక్కటే అయినా ప్రశ్న మారింది కనుక వ్యాసం మారిపోయింది.

వ్యవసాయ విస్తరణ శాస్త్రజ్ఞుల వద్ద ఇటువంటి రెండవ రకం వ్యాసాలకు తగిన సామగ్రి పుష్కలంగా ఉంటుంది. చెరువు నీటి పంపకం, కార్తెల లెక్క, పాత విత్తనాల పేర్లు, కూలి ఒప్పందాలు, గ్రామ కట్టుబాట్లు మొదలైనవి వారు వారంవారం వింటూనే ఉంటారు. అయితే ఆ సామగ్రి మానవీయ శాస్త్రాల పత్రికలకు చేరడం అరుదు. చేరినది కూడా తరచు తిరిగి వస్తుంది. భాష బాగాలేదనో, విషయం చిన్నదనో రచయిత భావిస్తాడు. అసలు కారణం చాలాసార్లు వేరుగా ఉంటుంది. ఆ వ్యాసంలో వివరాలు ఉంటాయి, వాదం ఉండదు. ఉన్న వివరాలు కూడా ఎవరు, ఎక్కడ, ఏ మాటల్లో చెప్పారో తెలియని స్థితిలో ఉంటాయి. ఈ రెండు లోపాలనూ పంపే ముందు రాత్రి సరిదిద్దడం సాధ్యం కాదు. మానవీయ శాస్త్రాల పత్రికకు వెళ్ళే వ్యాస ప్రతి పొలం గట్టు మీదనే మొదలు కావాలి.

వ్యవసాయ పరిశోధనా పత్రం పరిచయం, సామగ్రి, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే చట్రంలో నడుస్తుంది. క్షేత్ర ప్రయోగానికి ఆ చట్రం ఎంతో మేలు చేసింది. చదువరి నేరుగా పట్టిక దగ్గరకు వెళ్ళి ఫలితం చూసుకోగలడు. మానవీయ శాస్త్రాల వ్యాసానికి అటువంటి పట్టిక లేదు. మొదటి రెండు పుటల్లో ఒక ప్రశ్న నిలబడాలి, ఆ ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన సమాధానాలు ఎందుకు చాలవో తేలాలి, తరువాతి ప్రతి పేరా ఆ ప్రశ్నను ఒక అడుగు ముందుకు నడపాలి. ఆధారం, దాని వ్యాఖ్యానం పక్కపక్కనే సాగుతాయి. ఇంతమంది రైతులను అడిగితే ఇంత శాతం ఇలా చెప్పారన్న వాక్యం అక్కడ ముగింపు కాదు. అలా ఎందుకు చెప్పారన్న విచారణకు అది ఆరంభం మాత్రమే.

దీనికి తిరుపతి ప్రాంతం నుంచే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానం తన శాసనాలను 1931 నుంచి 1938 వరకు సంపుటాలుగా ప్రచురించింది. వాటిలో అధికభాగం తమిళంలోను, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృత భాషల్లోను ఉన్నాయి. ఎవరు ఎంత సొమ్ము సమర్పించారు, దానితో ఏ నైవేద్యం జరగాలి అన్నవి ఆ శాసనాల్లో మళ్ళీమళ్ళీ కనిపించే వివరాలు. అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టైన్ వాటిని చదివి ఒక ప్రశ్న వేశాడు: సొమ్ము ఒక్కసారే ఇచ్చారు, నైవేద్యం మాత్రం ఏటేటా జరగాలి, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? విజయనగర కాలంలో ఆ సొమ్మును దేవస్థానం గ్రామాల్లో చెరువులకు, కాలువలకు వినియోగించారని, నీరు అందిన భూమిలో పెరిగిన ఆదాయంతో దాత కోరిన సేవ సాగిందని ఆయన చూపాడు. ఆ వ్యాసం 1960లో జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్‌లో వెలువడింది. శాసనాలు అందరికీ అందుబాటులో ఉన్నవే. వాటిని వ్యాసంగా మార్చినది ఆ ఒక్క ప్రశ్న.

గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ వ్యాసంలోని అంశం నీటిపారుదల, అంటే వ్యవసాయ శాస్త్రజ్ఞుడికి సొంత రంగం. ఒక తూము ఎంత ఆయకట్టును తడపగలదు, ఈశాన్య ఋతుపవనాలతో నిండే చెరువు కింద ఏ పంట గట్టెక్కుతుంది, ఒక్క కాలువతో దిగుబడి ఎంతవరకు పెరగగలదు అన్నవి చరిత్రకారుడి కంటె సేద్య విజ్ఞాన శాస్త్రజ్ఞుడు బాగా అడగగల ప్రశ్నలు. అవి అతని నుంచి రాకపోతే ఆ చర్చలో ఒక భాగం ఖాళీగానే మిగులుతుంది.

వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఈ గీతను దాటలేడన్న సందేహానికి డాక్టర్ వై.ఎల్. నేనే కృషి సమాధానం. వరిలో ఖైరా తెగులుకు జింకు లోపమే కారణమని తేల్చిన ఆ మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు 1994లో సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్‌ను స్థాపించారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న సురపాలుని వృక్షాయుర్వేద ప్రతిని ఆ సంస్థ తెప్పించి, సంస్కృత పండితురాలు నళినీ సాధలే అనువాదంతో 1996లో ప్రచురించింది. మరుసటి సంవత్సరం సంస్థ తన పత్రికను ఆరంభించింది. శాస్త్రజ్ఞుడు పండితుని పని తానే చేయబోలేదు, పండితులతో కలిసి పనిచేశాడు. ఈ దారి ఈనాటి శాస్త్రజ్ఞులకూ తెరిచే ఉన్నది.

ఇక పొలం గట్టు మీద చేయవలసిన పని. పుత్తూరు, నారాయణవనం, పిచ్చాటూరు ప్రాంతపు చెరువుల మీద ఒక విద్యార్థి రాయదలచాడనుకుందాం. చెరువు నీటిని పొలాలకు పంచే మనిషిని అక్కడివారు నీరుగట్టి అంటారు. అదనపు నీరు పొర్లిపోయే చోటును మొరవ అంటారు. విద్యార్థి తన పుస్తకంలో నీటి నిర్వాహకుడు, అలుగు అని రాసుకుంటే ఆ క్షణంలోనే ఆధారం సగం చెరిగిపోతుంది. నీరుగట్టి అన్న మాటలో ఒక పని ఉన్నది, కోతల వేళ ధాన్యంగా అందే ప్రతిఫలం ఉన్నది, ఆయకట్టు రైతులందరి నమ్మకం ఉన్నది. అందువల్ల విన్న మాటను విన్నట్లే రాసుకోవాలి. చెప్పిన వ్యక్తి పేరు, వయసు, ఊరు, చెప్పిన తేదీ, తాను చూసింది చెప్పాడా, తండ్రి చెప్పగా విన్నది చెప్పాడా అన్న వివరం ఆ పక్కనే ఉండాలి. పేరు ముద్రించడానికి సమ్మతి ఉన్నదో లేదో అప్పుడే అడిగి నమోదు చేయాలి. కట్టు వైద్యం వంటి కుటుంబ విద్యల్లో ఏది వెల్లడించవచ్చు, ఏది వెల్లడించకూడదు అని నిర్ణయించే హక్కు చెప్పినవారిదే.

రాతపూర్వక ఆధారాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు పుత్తూరు ప్రాంతపు వివరాల కోసం ఉత్తర ఆర్కాటు జిల్లా రికార్డులు వెదకాలి. ఆర్థర్ కాక్స్ 1881లో ప్రచురించిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ అటువంటిదే. 2022 నుంచి పుత్తూరు తిరుపతి జిల్లాలో ఉన్నది. చిత్తూరు జిల్లాలో అని రాసే ప్రతి వాక్యానికి ఏ కాలపు జిల్లా అన్న స్పష్టత ఉండాలి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే ఆంగ్ల సంవత్సరం వస్తుంది, అది జూలైలో మొదలవుతుంది. 1320 ఫసలీ అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ వరకు అన్నమాట. శాసనాల్లోని శక సంవత్సరానికి సాధారణంగా 78 కలపాలి. ఒక్క సంవత్సరం తప్పినా సమీక్షకుడికి మిగిలిన ఆధారాల మీద కూడా అనుమానం కలుగుతుంది.

వ్యాస ప్రతిని సిద్ధం చేసేటప్పుడు పత్రికను ముందుగా ఎంచుకోవడం మంచిది. దాని ఇటీవలి సంచికలను మూడు నాలుగైనా పూర్తిగా చదివితే ఏ చర్చలో ప్రవేశిస్తున్నామో తెలుస్తుంది. నిడివి, అధోజ్ఞాపికల పద్ధతి, తెలుగు మాటలకు వాడే లిప్యంతరీకరణ విధానం ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క తీరున ఉంటాయి. వాటిని చివరిదాకా ఒకే విధంగా పాటించాలి. రచయిత ఎవరో సమీక్షకుడికి తెలియకూడదన్న నియమం ఉన్నచోట పేరు తీసివేసినంత మాత్రాన చాలదు. మా కళాశాల, మా గత పరిశోధన వంటి మాటలు, కృతజ్ఞతలు, ఫైలు లక్షణాల్లో దాగిన పేరు కూడా తొలగించాలి. ఛాయాచిత్రాలకు, పటాలకు అనుమతులు చేతిలో ఉండాలి. ఒక ప్రతిని ఒకే సమయంలో రెండు పత్రికలకు పంపడం అనైతికం. సమీక్షకు నెలలు పడుతుంది కనుక, డిగ్రీ గడువు దగ్గర పడ్డాక పంపిన విద్యార్థి ఆందోళన పడక తప్పదు. రుసుము కట్టించుకొని వారంలో అంగీకార పత్రం ఇచ్చే పత్రికలకు ఆ ఆందోళనే పెట్టుబడి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కేర్ జాబితాను 2025లో ఉపసంహరించిన తరువాత మంచి పత్రికను గుర్తించే బాధ్యత మరింతగా రచయిత మీద, అతని సంస్థ మీద పడింది.

సమీక్షకుల అభిప్రాయాలు వచ్చిన తరువాత ప్రతి వ్యాఖ్యకూ విడివిడిగా సమాధానం రాయాలి. మార్చినచోట ఏమి మార్చారో, మార్చనిచోట ఎందుకు మార్చలేదో తెలపాలి. వ్యవసాయ పత్రికల్లో సమీక్షకుడు ఎక్కువగా గణాంక పద్ధతిని ప్రశ్నిస్తాడు. ఇక్కడ అతడు వాదాన్నే ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నను అవమానంగా భావించనవసరం లేదు. వ్యాసాన్ని శ్రద్ధగా చదివినవాడే దాని వాదంతో తలపడతాడు.

ఈ శ్రమకు ఫలమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ప్రచురణ విలువను ఎక్కువగా జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ రేటింగుతో కొలుస్తారు. మానవీయ శాస్త్రాల పత్రికలు చాలావరకు ఆ కొలతలోకి రావు. పదోన్నతికి లెక్కకు రాని పనికి రెండేళ్ళు వెచ్చించమని యువ శాస్త్రజ్ఞుడికి చెప్పడం సులభం కాదు. చరిత్ర రాయడం చరిత్రకారుల పని, రైతుకు దిగుబడి పెంచడమే మన పని అన్న మాట కూడా వినిపిస్తుంది. కాని చెరువుల పునరుద్ధరణకు సలహా ఇచ్చే శాస్త్రజ్ఞుడికి ఆ చెరువు కింద నీటిని ఎవరు, ఏ కట్టుబాటుతో పంచారో తెలియకపోతే పూడిక తీసిన చెరువు కూడా తగాదాల చెరువే అవుతుంది. ఆ జ్ఞానాన్ని పరీక్షకు నిలిచే రూపంలో భద్రపరచడం విస్తరణ కృషికి పునాది. దానిని అదనపు పనిగా చూడటం తగదు.

కాబట్టి మార్పు సంస్థల నుంచి కూడా రావాలి. నిపుణుల సమీక్ష గల మానవీయ శాస్త్రాల పత్రికలో వెలువడిన వ్యాసానికి వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తగిన గుర్తింపు ఇవ్వాలి. విస్తరణ విభాగపు స్నాతకోత్తర విద్యార్థులకు మౌఖిక ఆధారాల సేకరణలో శిక్షణ ఉండాలి. తిరుపతి ఒక్క పట్టణంలోనే శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల, చరిత్ర, తెలుగు శాఖలు గల శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఒక వ్యవసాయ విద్యార్థికి చరిత్ర శాఖ నుంచి సహ పర్యవేక్షకుడిని నియమించడానికి కొత్త భవనమో, కొత్త నిధులో అవసరం లేదు. రెండు శాఖల అంగీకారం చాలు.

బోరుబావులు వచ్చిన తరువాత చాలా ఊళ్ళలో నీరుగట్టి పని తగ్గిపోయింది. ఆ పని చేసినవారిలో మిగిలినవారు వృద్ధులు. వారి ఇంటి ముందుగా నెలకొకసారైనా వెళ్ళేది విస్తరణ శాస్త్రజ్ఞుడే. చరిత్రకారుడు ఆ ఊరికి చేరే నాటికి చెప్పేవారు ఉండకపోవచ్చు. వచ్చే ఈశాన్య ఋతుపవనాల కాలంలో చెరువు చూడటానికి వెళ్ళే ప్రతి విద్యార్థీ నీటి మట్టం కొలత పక్కనే నీరుగట్టి చెప్పిన మాటను, అతని పేరుతో, అతని పలుకుబడిలో రాసుకోవాలి. ఏ పత్రికకు పంపాలన్న ఆలోచన ఆ తరువాత చేయవచ్చు.