కుంపిణీల స్పర్ధ – తెలుగు పరిశోధన

వర్తకసంఘముల స్పర్ధకు చరిత్రకారులు తరచుగా చూపు ఉదాహరణము ఉత్తర అమెరికాలోని బొచ్చుతోళ్ల వ్యాపారము. హడ్సన్ బే కంపెనీకిని, మాంట్రియల్ వర్తకుల నార్త్ వెస్ట్ కంపెనీకిని నడచిన పోరు 1816లో సెవెన్ ఓక్స్ వద్ద రక్తపాతమునకు దారితీసి, 1821లో రెండును ఏకమగుటతో ముగిసినది. అంతకు నూరేండ్లకు పూర్వమే ఇట్టి స్పర్ధ మన దేశమున, సూరతులోను బందరులోను ఏకకాలమున సాగినది. దానిని తెలుగు పరిశోధకులు తమ విషయముగా ఎంచకుండుట లోపమని నా అభిప్రాయము.

నేడు సూరతు నగరములో కలిసిపోయిన అమ్రోలి తపతీనది ఉత్తరపుటొడ్డున నున్నది. అచ్చటినుండి నది వెంబడి సముద్రమువైపు పోయినచో సువాలి తీరము. అక్కడనే 1612లో ఆంగ్లేయులు పోర్చుగీసువారి నెదిరించి నిలిచి, మరుసటి యేడు సూరతున కోఠీ పెట్టిరి. బందరున వారు 1611లోనే దిగియుండిరి. 1698లో ఇంగ్లండున రెండవ కంపెనీ వెలయగా, ఒకే రాజు ప్రజలు రెండు పక్షములైరి. బందరున కొత్త కంపెనీకి జాన్ పిట్ అధిపతి. చెన్నపట్టణమున పాత కంపెనీకి అతని బంధువే యగు థామస్ పిట్ గవర్నరు. సూరతున కొత్తవారి పక్షమున నికొలాస్ వెయిట్, పాతవారి పక్షమున జాన్ గేయర్ తలపడిరి. కొత్త కంపెనీకై వచ్చిన రాయబారి విలియం నారిస్ 1699లో బందరున దిగి, పని సాగక సూరతునకు పోయి, 1701లో ఔరంగజేబును దర్శించియు రిక్తహస్తములతో మరలెను. ఆ యేడే గేయర్ సూరతున మొగలు అధికారుల నిర్బంధమున పడెను. 1709 నాటికి రెండు కంపెనీలును ఒక్కటయ్యెను.

దీనిని దొరల కలహముగా చెప్పి విడుచుట పరిపాటి. సాలెవాని వైపునుండి చూచినచో వేరొక సంగతి తోచును. కొనువారు పలువురున్నపుడే అమ్మువాని మాట చెల్లును. ఆంగ్లేయులు ఏకమైన పిదపను గోదావరీ ప్రాంతమున పోటీ నిలిచియే యుండెను. మాధవాయపాలెమున వారును, పాలకొల్లున డచ్చివారును, యానామున ఫ్రెంచివారును గుడ్డలు కొనుచున్నంత కాలము, నేతగాడు ఒకరి బయానా తిరిగి ఇచ్చి వేరొకరికి నేయగలిగెను. ఒక్క కంపెనీయే వర్తకుడును రాజును అయినపుడు ఆ వీలు పోయినది. భాష ఈ మార్పును దాచలేదు. వర్తకుల కూటమికి పేరైన 'కుంపిణీ' తెలుగున దొరతనమునకే పేరయ్యెను.

ఇది చరిత్రశాఖవారి పని, మనది కాదని కొందరందురు. కంపెనీల కాగితములు ఇంగ్లీషునను డచ్చినను ఉన్నమాట నిజమే. కాని బేరము జరిగినది దుబాసీల నోట, తెలుగు మాటలలో. మెకంజీ సేకరించిన కైఫీయతులలోని తెలుగును ఆ కాగితముల సరసనుంచి చదువుట భాషాపరిశోధకుని విధి.

సూరతు నేడు మనకు దూరదేశము కాదు. అచ్చటి మరమగ్గములపై తెలంగాణ పద్మశాలీలు ఎందరో పనిచేయుచున్నారు. బయానాకు, కూలికి, కొలతకు, అప్పునకు వారు వాడు మాటలను, కృష్ణా గోదావరీ తీరపు నేతపనివారి మాటలతో పోల్చి పదకోశముగా కూర్చవలెను. చేతిమగ్గము మూతపడిన యింట దాని మాటలు చిరకాలము నిలువవు. కంపెనీల కాగితములు గ్రంథాలయములలో భద్రముగానే యున్నవి. నేతగాని మాటలకు మాత్రము అట్టి భద్రత లేదు.