కోటి రూపాయల గడప
సరకు పంపి, ఇన్‌వాయిసు ముట్టజెప్పి, గడువు దాటినను పైకము రాక నిరీక్షించు సరఫరాదారుడు, 2016 నాటి దివాలా స్మృతి ననుసరించి, బాకీపడిన కంపెనీకి డిమాండు నోటీసు పంపి, పది దినములలో సొమ్ము గాని, వివాదమున్నదను ప్రత్యుత్తరము గాని రానిచో, జాతీయ కంపెనీ లా ట్రైబ్యునలు నాశ్రయింపవచ్చును. సరకు నాసిరకమని ఆ కంపెనీ నోటీసునకు పూర్వమే వ్రాసిన నిజమైన ఉత్తరమున్నచో దరఖాస్తు నిలువదు. 2017లో మొబిలాక్స్ కేసున సుప్రీంకోర్టు స్థిరపరచిన ఈ నియమము న్యాయమైనదే. కాని ఇట్టి దరఖాస్తునకు లక్షగా నున్న కనీస బాకీని 2020 మార్చి 24న కోటికి పెంచుట, కోవిడ్ కాలమున చిన్న సంస్థల రక్షణకై చేసినదే యైనను, నేడు ఆ సంస్థలకే ద్వారము మూసినది. నలువది లక్షలు రావలసిన అట్టపెట్టెల తయారీదారు, ఎంత నిర్వివాదమైన బాకీ యైనను, హైదరాబాదు బెంచి మెట్లెక్కజాలడు. ఆ పరిమితిని పది లక్షలకు దింపుట అత్యవసరమని నా దృఢాభిప్రాయము.